నాలుగో ఏడు పోయాక: ఒక మహిళా కళాశాల క్వయర్ చరిత్రను కూర్చిన కేస్ స్టడీ

చెన్నైలో ఒక మహిళా కళాశాల. స్వాతంత్ర్యానికి ముందే మొదలైంది, మద్రాసు విశ్వవిద్యాలయానికి అనుబంధం. దాని క్వయర్ (వేర్వేరు గొంతులు కలిసి పాశ్చాత్య పద్ధతిలో పాడే బృందం) చరిత్ర రాయించి సావనీర్ వేయాలని, పాత రికార్డింగులు ఏమైనా దొరికితే వినిపించాలని పూర్వ విద్యార్థినుల సంఘం అనుకుంది. నేను చేసేది ఇలాంటి పనే. సంస్థల పాత కాగితాలు, టేపులు సర్ది, తేదీలు తేల్చి, చదవగలిగే వినగలిగే స్థితికి తెస్తాను. దానికి తోడు పెరంబూరులో మా తెలుగు చర్చి క్వయర్‌లో చిన్నప్పటి నుంచి ఆల్టో (ఆడవాళ్ళలో కింది గొంతు) పాడినదాన్ని, స్టాఫ్ నొటేషన్ (గీతల మీద రాసే పాశ్చాత్య స్వరలిపి) చదువుతాను. కాలేజీ పేరు, మనుషుల పేర్లు ఇక్కడ రాయడం లేదు. మాట్లాడిన వాళ్ళలో చాలామంది పేరు వద్దన్నారు.

సంఘం దగ్గర అప్పటికే ఒక చరిత్ర ఉంది. టైపు చేసిన రెండు పేజీలు. ఒక దొరసాని టీచర్ క్వయర్ మొదలుపెట్టారు. ఆవిడ స్వదేశం వెళ్ళాక వేపేరి నుంచి వచ్చే ఆంగ్లో ఇండియన్ పియానిస్టు చాలా ఏళ్ళు నడిపారు. ఆవిడ రిటైరయ్యాక క్వయర్ ఆగిపోయింది. 1990ల్లో ఒక లెక్చరర్ మళ్ళీ లేపారు. ఒక్కో పేరాకు ఒక్కో మనిషి. ఆ పేరాల మధ్య ఫోటోలు సర్ది, తేదీలు సరిచూడమన్నారు.

డైరెక్టర్ల వరసతో క్వయర్ చరిత్ర రాయడం నాకు మొదటినుంచీ నచ్చదు. చర్చి క్వయర్‌కైతే అది కొంత నడుస్తుంది. అక్కడ అదే గొంతు ముప్పై ఏళ్ళు అదే బెంచీ మీద కూర్చుంటుంది. కాలేజీలో అలా కుదరదు. ఈ ఏడాది పాడిన అమ్మాయిల్లో మూడేళ్ళ తర్వాత ఒక్కరూ ఉండరు. అయినా అదే క్వయర్ అంటున్నాం, అదే పాట అదే తీరులో వినిపిస్తోంది. అంటే ఏదో ఒకటి చేతులు మారుతోంది. ఏది మారుతోంది, ఎవరి నుంచి ఎవరికి, అది ఎక్కడ తెగింది అన్నదే ఈ కేసులో నేను పట్టుకున్న ప్రశ్న. సంఘం సెక్రటరీకి ఇది మొదట్లో రుచించలేదు. "డైరెక్టర్లు లేకుండా క్వయర్ ఎక్కడిదమ్మా?" అన్నారు. లేకుండా అని నేనూ అనలేదు.

బీరువాలో ఏముంది

హాలు స్టేజీ వెనక ఒక స్టీలు బీరువా. కింది అరకు వాన నీళ్ళు తగిలి ఫైళ్ళ అట్టలు ఉబ్బిపోయాయి. చెన్నై తేమకు కాగితం బూజు పడుతుంది, స్టేపులర్ పిన్నులు తుప్పు పట్టి చుట్టూ ఎర్రమరక వదులుతాయి. కాబట్టి ముందు పిన్నులు తీయడం, నీడలో ఆరబెట్టడం, మెత్తటి బ్రష్షుతో బూజు దులపడం. ఎండలో పెడితే త్వరగా ఆరుతుంది కదా అని అటెండర్ అడిగాడు. సైక్లోస్టైల్ ఇంకు తట్టుకుంటుంది గానీ, ఊదా రంగు స్పిరిట్ కాపీలు (జిరాక్స్‌కు ముందు స్పిరిట్‌తో తీసిన నకళ్ళు) ఎండకు వెలిసిపోతాయి. ఆ బీరువాలో అవి చాలా ఉన్నాయి.

తేదీ వేసిన కాగితం దాదాపు లేదు. కచేరీ ప్రోగ్రాంలో కూడా "శనివారం సాయంత్రం 6 గంటలకు" అని ఉంటుంది, ఏ సంవత్సరమో ఉండదు. పాడేవాళ్ళకు సంవత్సరం తెలుసు కదా! ఇలాంటి చోట వయసు పట్టుకోవడానికి కొన్ని ఆనవాళ్ళు ఉన్నాయి. మౌంట్ రోడ్డు దుకాణం స్టాంపులో ధర అణాల్లో ఉంటే ఆ కాపీ 1957 ఏప్రిల్‌కు ముందు కొన్నది. ఆ నెలలోనే నయా పైసలు వచ్చాయి. ఇంగ్లండులో అచ్చయిన షీటు మీద ధర షిల్లింగులు, పాత పెన్నీల్లో ఉంటే అది 1971 ఫిబ్రవరికి ముందు ముద్రణ. లెటర్‌హెడ్ మీద "మద్రాస్ స్టేట్" అని ఉంటే 1969 జనవరికి ముందు. ఊరి పేరు పక్కన ఒకటి రెండు అంకెలే ఉంటే 1972 ఆగస్టుకు ముందు, ఆరంకెల పిన్ ఉంటే తర్వాత. "చెన్నై" అని ఉంటే 1996 లేదా ఆ తర్వాత. పాత లెటర్‌హెడ్లు అయిపోయేదాకా వాడే అలవాటు మన ఆఫీసుల్లో ఉంది కాబట్టి, ఏదైనా ఒక్క ఆనవాలును నమ్మి తేదీ వేయలేదు. రెండు కలిస్తేనే వేశాను.

క్వయర్ పుట్టిన సంవత్సరం గురించి సంఘంలో పెద్ద చర్చే ఉంది గానీ నాకు అందులో ఆసక్తి లేదు. కాలేజీ మ్యాగజైన్‌లో మొదట "సింగింగ్ క్లాస్" అని కనిపిస్తుంది, కొన్నేళ్ళకు "క్వయర్" అవుతుంది. రెండు తేదీలూ ఇచ్చి, ఏది పుట్టినరోజో వాళ్ళనే తేల్చుకోమన్నాను.

ఒక కాపీ, ఇద్దరు

అసలు సరుకు ఆల్టో ఫోల్డర్లలో ఉంది. ఇంగ్లండు నుంచి వచ్చే నొటేషన్ ఖరీదు, పైగా రావడానికి నెలలు పట్టేది. అందుకని ఇద్దరికి ఒక కాపీ ఇచ్చేవాళ్ళు. ఇద్దరిని ఎలా కూర్చోబెట్టాలన్న దానికి ఒక పద్ధతి ఉండేది. సీనియర్ పక్కన జూనియర్. ఇది ఏ రూల్ పుస్తకంలోనూ లేదు, మాట్లాడిన ప్రతి పాత ఆల్టో చెప్పింది. సీనియర్ వేలు నొటేషన్ మీద నడుస్తుంటే జూనియర్ చూసేది. టీచర్ ఎదురుగా పియానో దగ్గర ఉంటారు, కానీ పార్టు, అంటే ఆ గొంతు పాడాల్సిన స్వరాలు, నేర్పింది మాత్రం పక్కనున్న అక్క.

కాపీల పై మూల పెన్సిల్‌తో పేర్లు. ఒకటి కొట్టేసి కింద ఇంకొకటి, అది కొట్టేసి మరొకటి. కొన్ని కాపీల మీద ఆరేడు పేర్లు ఉన్నాయి. అడ్మిషన్ రిజిస్టరుతో పోల్చి చూస్తే ఎవరు ఏ బ్యాచో తెలిసింది. అలా ఒక్కో కాపీకి ఒక్కో గొలుసు తయారైంది. ఎవరి పక్కన ఎవరు కూర్చున్నారు, ఎన్నాళ్ళు కలిసి పాడారు అన్నది ఆ గొలుసులోంచి తెలిసిపోతుంది. నా దృష్టిలో ఈ క్వయర్ చరిత్రకు వెన్నెముక ఇదే. ఇలాంటి కాగితానికి ఎంత విలువ ఉంటుందో చెప్పడానికి సంఘం మీటింగులో జర్మన్ స్వరకర్త బ్రామ్స్ సంగతి ఎత్తాల్సి వచ్చింది. 1859లో హాంబర్గ్‌లో ఆయన ఒక మహిళా క్వయర్ నడిపాడు. ఆ బృందం ఎలా పాడిందో, ఏం పాడిందో ఇవాళ మనకు తెలుస్తున్నదంటే, అందులో పాడిన అమ్మాయిలు తమ పార్టులను చేత్తో రాసి దాచుకున్న పుస్తకాల వల్ల చాలావరకు తెలుస్తోంది.

ఒక ఆల్టో ఫోల్డర్ గురించి కొంచెం చెప్పాలి. లాటిన్ సాహిత్యం కింద తెలుగు లిపిలో "గ్లోరియా ఇన్ ఎక్సెల్సిస్ డేయో" అని పెన్సిల్ రాత. నొటేషన్ పైన సరిగమలు. చర్చి స్కూళ్ళలో చదివినవాళ్ళు టానిక్ సోల్ఫా (స్వరాలను డ, ర, మ లాంటి అక్షరాలతో రాసే పద్ధతి) వాడేవారు. పాట ఏ శ్రుతిలో ఉన్నా ఆధార స్వరమే "డో". మన షడ్జం లాంటిదే. ఈ అమ్మాయి ఆ అక్షరాలన్నీ కొట్టేసి స, రి, గ అని వేసుకుంది. పాట మధ్యలో శ్రుతి మారే చోట మార్జిన్‌లో "ఇక్కడి నుంచి ప ను స అనుకోవాలి" అని ఉంది. గ్రహభేదం (ఆధార స్వరాన్ని మార్చుకోవడం) నేర్చుకున్న మనిషి అన్నమాట. దాని కింద వేరే చేతిరాతలో, ఆమె తర్వాతి పేరున్న అమ్మాయి, "అవును, భయపడొద్దు" అని రాసింది. ఎవరికోసం రాసిందో గానీ, ఆ తర్వాత ఆ కాపీ ఇంకో ముగ్గురి చేతుల్లోకి వెళ్ళింది.

రాసిన అమ్మాయి రాయలసీమ నుంచి వచ్చి హాస్టల్లో ఉండేది. ఇది అరుదు కాదు. ఆంధ్ర విశ్వవిద్యాలయం 1926లోనే వచ్చినా, సీమ కాలేజీలు 1954లో తిరుపతి విశ్వవిద్యాలయం ఏర్పడేదాకా చాలా ఏళ్ళు మద్రాసు కిందే ఉన్నాయి. ఆడపిల్లను డిగ్రీ చదివించాలనుకున్న ఇళ్ళు క్వీన్ మేరీస్ (1914), విమెన్స్ క్రిస్టియన్ కాలేజీ (1915) మొదలైన కాలం నుంచీ మద్రాసు వైపు చూసేవి. హాస్టల్ రిజిస్టర్లలో నెల్లూరు, చిత్తూరు, కడప, గుంటూరు చిరునామాలు 1950ల దాకా దట్టంగా ఉండి, ఆ తర్వాత పలచబడ్డాయి.

ఆల్టోలే ఎందుకు

పేర్ల గొలుసుల్లో ఒక సంగతి కొట్టొచ్చినట్టు కనిపించింది. పై గొంతైన సోప్రానో కాపీల మీద ఎక్కువగా ఆంగ్లో ఇండియన్, సిరియన్ క్రిస్టియన్ పేర్లు. ఆల్టో కాపీల మీద తమిళ, తెలుగు పేర్లు, అందులో హిందూ పేర్లు బాగానే ఉన్నాయి. సంఘంలో ఒకావిడ దీన్ని వివక్ష అన్నారు. కొంత ఉండవచ్చు, కాదనను. కానీ ముందు గొంతు సంగతి చూడాలి.

కర్ణాటక సంగీతం నేర్చుకున్న ఆడపిల్ల సాధారణంగా ఐదు, ఐదున్నర శ్రుతిలో పాడుతుంది. ఐదు శ్రుతి అంటే పియానో మీద జి. మధ్యస్థాయి షడ్జం అక్కడ పెట్టుకుంటే తారస్థాయి పంచమం పై డి దగ్గరకు వస్తుంది. ఆల్టో పార్టు నడిచేదీ సరిగ్గా ఆ మేరలోనే. సోప్రానోకు అక్కడి నుంచి ఇంకో నాలుగు స్వరాలు పైకి వెళ్ళాలి, అదీ నిండు గొంతుతో కాదు, పలచని పై గొంతుతో. మన సాధనలో ఆ పలచని గొంతును దొంగగొంతు అంటారు, పనికిమాలినదిగా చూస్తారు. పదేళ్ళు అలా నేర్చుకున్న పిల్లను సోప్రానోలో పెడితే పై స్వరాల దగ్గర నోరు మూసేస్తుంది. టీచర్లు ఆమెను కిందికి పంపారు. ఇదీ జరిగింది.

దీని వల్ల ఇంకో ఫలితం. పాటకు వరస పాడేది సోప్రానో, అది అందరికీ గుర్తుంటుంది. ఆల్టోకు మాత్రం వరస ఉండదు, చెవితో పట్టుకోవడం కష్టం, కాబట్టి రాసుకోవాలి. రాతలో ఎక్కువ ఆధారం మిగిలింది ఆల్టోల దగ్గరే. చరిత్రలో తక్కువ కనిపించిందీ వాళ్ళే. మ్యాగజైన్ రిపోర్టుల్లో సోలో పాడినవాళ్ళ పేర్లుంటాయి, ఆల్టోలు "తదితరులు".

పియానిస్టు పాత్ర నేను తగ్గించడం లేదు. మగ గొంతులు లేని క్వయర్‌కు రాసిన పాటలు అప్పట్లో తక్కువ. నాలుగు పార్టుల హిమ్నులనే (చర్చి పాటలు) తీసుకుని వాడుకునేవాళ్ళు. టెనర్ (మగవాళ్ళ పై గొంతు) గీతను ఒక స్థాయి పైకెత్తి ఆడపిల్లలతో పాడిస్తే అది కొన్నిచోట్ల ఆల్టోను, ఒక్కోసారి సోప్రానోను కూడా దాటిపోతుంది. అడుగు స్వరం మారిపోయి కార్డ్ (కలిసి మోగే స్వరాల గుత్తి) తలకిందులవుతుంది. వేపేరి ఆవిడ ఎడమ చెయ్యి బాస్ (అడుగు స్వరం) పట్టి ఉంచడం వల్లే ఆ పాటలు నిలబడ్డాయి. ఆవిడ సొంత కాపీల్లో టెనర్ గీతలో దిద్దుబాట్లు ఎన్నో ఉన్నాయి, ప్రతిదీ సబబైనదే. నేను సంగీతం తెలిసినవాళ్ళకు చూపిస్తే మెచ్చుకున్నారు.

టేపులు

రెండు స్పూళ్ళు (చక్రాలకు చుట్టిన పాత టేపులు), ఒక డబ్బా నిండా క్యాసెట్లు. స్పూలును లైటుకు అడ్డం పెట్టి చూస్తే కాంతి ఇవతలికి వస్తే అది ఎసిటేట్ టేపు, రాకపోతే పాలియెస్టర్. మొదటిది ఎసిటేట్, ముక్కుకు వెనిగర్ వాసన తగిలింది. అంటే చావు మొదలైందని అర్థం, ఆలస్యం చేయకూడదు. దాన్నే ముందు ఎక్కించాను. మాస్టర్ కాపీ 24 బిట్, 96 కిలోహెర్ట్జ్‌లో, ఏ శుద్ధీ చేయకుండా. శబ్దం తగ్గించిన కాపీ వేరు. సంఘం వాళ్ళు శుభ్రమైనదే ఉంచి మొదటిది పారేయమన్నారు, నేను ఒప్పుకోలేదు. సుస్సుమనే ఆ శబ్దం కింద రెండో గొంతు ఉంటుంది. దాన్ని తుడిస్తే ఆల్టోలు కూడా పోతారు.

క్యాసెట్లలో వేగం సమస్య. పాత రికార్డింగుల్లో కరెంటు హమ్ (గుయ్‌మనే మోత) పడుతుంది, మన దేశంలో అది 50 హెర్ట్జ్ కాబట్టి దాన్నిబట్టి టేపు వేగం సరిచేసుకోవచ్చని పాఠాల్లో చెబుతారు. 1990ల్లోని ఒక కేరల్ (క్రిస్మస్ పాటల) సర్వీసు క్యాసెట్‌లో హమ్ 48.7 దగ్గర ఉంది. పాఠం ప్రకారం వేగం పెంచితే పియానో దాదాపు పావు స్వరం పైకి వెళ్ళిపోతుంది. అంత పైకి ఏ ట్యూనరూ కట్టడు. నిజానికి ఆ రోజుల్లో దక్షిణాది గ్రిడ్డే 49 కంటే కిందికి తరచూ జారేది. టేపు సరిగానే ఉంది, కరెంటే తక్కువగా ఉంది. చెన్నైలో ఈ పని చేసేవాళ్ళు ఇది గుర్తుపెట్టుకోవాలి. 2003కు ముందు హమ్‌ను నమ్మొద్దు, పియానోను నమ్మండి.

క్వయర్ ఎప్పుడు ఆగింది

టైపు పేజీల ప్రకారం పియానిస్టు రిటైరయ్యాక క్వయర్ ఆగింది. గొలుసులు వేరే మాట చెప్పాయి. ఆవిడ రిటైరవడానికి ముందే గొలుసులు తెగడం మొదలైంది. కాపీ మీద పాత పేరుకూ కొత్త పేరుకూ మధ్య ఖాళీ. వాళ్ళిద్దరూ ఒక్క ఏడాది కూడా కలిసి పాడలేదు.

కారణం సంగీతంలో లేదు, చదువుల పద్ధతిలో ఉంది. 1950ల మధ్య దాకా ఇంటర్ రెండేళ్ళు, బీఏ రెండేళ్ళు. తర్వాత పీయూసీ (ప్రీ యూనివర్సిటీ కోర్సు) ఒక ఏడాది, డిగ్రీ మూడేళ్ళు. ఎలా చూసినా అమ్మాయి కాలేజీలో నాలుగేళ్ళు ఉండేది. తమిళనాడులో 1978లో ప్లస్ టూ వచ్చి పీయూసీ పోయింది. ఒక ఏడాది స్కూలుకు వెళ్ళిపోయింది. మిగిలింది మూడేళ్ళు. అందులో మొదటి ఏడాది కొత్త, చివరి ఏడాది పరీక్షల టెన్షన్. పూర్వం పీయూసీ పిల్ల ఒకే అక్క పక్కన రెండు మూడేళ్ళు కూర్చునేది. ఇప్పుడు ఒక్క డిసెంబరు కేరల్ సీజనే కలిసొచ్చేది.

దీనికి జిరాక్స్ తోడైంది. 1980ల్లో ఫోటోకాపీ చవకయ్యాక ప్రతి అమ్మాయికీ సొంత కాపీ వచ్చింది. ఎవరికైనా అది మంచిదే అనిపిస్తుంది. కానీ ఒక కాపీ మీద ఇద్దరు వంగే పద్ధతి అక్కడితో పోయింది. పక్కన అక్క ఉన్నా ఆమె వేలు మన కాగితం మీద నడవదు. ఒక చిత్రమైన సంగతి చెప్తాను. పాత కాపీ నుంచి జిరాక్స్ తీసేటప్పుడు పెన్సిల్ గుర్తులు కూడా నల్లగా పడ్డాయి. ఎప్పుడో ఒక అమ్మాయి తన ఊపిరి చాలక పెట్టుకున్న కామా తర్వాతి వాళ్ళకు అచ్చులో భాగమైపోయింది. అక్కడ అందరూ ఊపిరి తీసేవాళ్ళు. క్యాసెట్లో స్పష్టంగా వినిపిస్తుంది, వాక్యం మధ్యలో, అర్థం విరిగేలా.

మరి ఆ ఖాళీ ఏళ్ళలో పాటే లేదా? మ్యాగజైన్‌లో క్వయర్ రిపోర్టు లేదు. ఎన్ఎస్ఎస్ పేజీలు, లైట్ మ్యూజిక్ పోటీల పేజీలు తిరగేస్తే అక్కడ "గ్రూప్ సాంగ్" పుష్కలంగా ఉంది. చిత్తూరులో పుట్టిన సంగీత దర్శకుడు ఎం.బి. శ్రీనివాసన్ 1970ల ఆరంభం నుంచి మద్రాస్ యూత్ క్వయర్‌తో భారతీయ భాషల్లో బృందగానం చేయించి ఊరంతా వినిపించారు. ఆయన కచేరీలు విన్న అమ్మాయిలు తబలా, హార్మోనియం పెట్టుకుని తమిళం, తెలుగు, హిందీ పాటలు పార్టులు విడదీసి పాడారు. ఇంగ్లీషు హిమ్నులు, కేరల్స్ పాడితేనే క్వయర్ అనుకున్న సంఘం దీన్ని లెక్కలోకి తీసుకోలేదు. నేను తీసుకున్నాను. ఇంగ్లీషు క్వయర్ ఆగింది, అమ్మాయిలు కలిసి పాడటం ఆగలేదు. ఈ వాక్యం సావనీర్‌లో ఉండాలా వద్దా అని వాళ్ళు చాలాసేపు వాదించుకుని చివరికి ఉంచారు.

ఒక తెలుగు కీర్తన

పందొమ్మిదో శతాబ్దంలో పురుషోత్తమ చౌదరి వంటివారు కర్ణాటక రాగాల్లో క్రైస్తవ కీర్తనలు కట్టారు. వాటిలాంటి పాత కీర్తన ఒకటి, చర్చిలో మేం పాడే వరస మోహనకు దగ్గర. దాన్ని ఈ క్వయర్ మూడు పార్టుల్లో పాడేదని అందరూ చెప్పారు, నొటేషన్ మాత్రం లేదు. రాత ప్రతి ఒక పూర్వ విద్యార్థిని ఇంట్లో ఉండేది. ఆ ఇల్లు కొట్టూర్‌పురంలో, అడయారు ఒడ్డున. 2015 డిసెంబరు వరదలో ఆ పెట్టె మొత్తం ముద్దయింది.

రాసిపెట్టిన పాట ఎంత దూరం వెళ్తుందో తెలుగువాళ్ళకు చెప్పనక్కర్లేదు. 1919 ఫిబ్రవరిలో మదనపల్లె బిసెంట్ కాలేజీలో టాగూర్ పాడి వినిపించిన జనగణమనకు పాశ్చాత్య సంగీతం తెలిసిన ఐరిష్ మహిళ మార్గరెట్ కజిన్స్ నొటేషన్ కట్టారు, కాలేజీ పిల్లలు కోరస్‌గా పాడారు. మా కీర్తనకు ఆ అదృష్టం లేదు. వెనిగర్ వాసన స్పూలులో ఒక్కసారి ఉంది, అందులో పై గొంతు తప్ప మిగతావి మసక.

అందుకని మనుషుల దగ్గరకు వెళ్ళాను. టి. నగర్‌లో ఉండే నెల్లూరు ఆవిడ, ఎనభై దాటిన మనిషి, కాలేజీలో నాలుగేళ్ళూ ఆల్టో. "అమ్మా, కొంచెం పాడతారా?" అంటే నవ్వారు. "ఏం పాడమంటావు తల్లీ? నాదెప్పుడూ కింది పార్టే గదా. వింటే పాట మాదిరి ఉండదు." అని, వరస ఎత్తకుండా నేరుగా తన గీత పాడేశారు. సగం చోట్ల ఒకే పంచమం మీద నిలబడే గీత. తాళం చేత్తో వేస్తూ, పై గొంతు ఖాళీ ఉన్నచోట ఆగుతూ, ఎక్కడా తడబడలేదు. కింద ఏం పాడుతున్నారో చూడకుండా వరస మాత్రం పాడండి అంటే ఆవిడ వల్ల కాలేదు. గమకాలు ఏమయ్యాయని అడిగాను. "పాటలో కులుకు పోయింది, నిజమే. దొరసాని అన్నీ సాపు చేసేసింది. కానీ అందరం ఒక్కచోట ఆగినప్పుడు ఒళ్ళు జలదరించేది."

మా వాళ్ళకు కలిసి పాడటం కొత్త కాదు, మంగళహారతులు, భజనలు, పెళ్ళిపాటలు అన్నీ గుంపు పాటలే. తిరువయ్యారు త్యాగరాజ ఆరాధనలో ఆడవాళ్ళను పాడనివ్వకపోతే 1927లో గాయని బెంగళూరు నాగరత్నమ్మ ఆడవాళ్ళతో వేరే ఆరాధనే జరిపించారు. కానీ అక్కడ అందరిదీ ఒకే గీత. పక్కనున్న మనిషి వేరే స్వరం మీద ఉండగా మన స్వరం వదలకుండా నిలబడటం ఇక్కడే నేర్చుకున్నామని మాట్లాడిన వాళ్ళందరూ ఏదో ఒక మాటలో చెప్పారు.

రెండో ఆధారం బెంగళూరులో ఉండే ఇంకొకావిడ, 1980ల బ్యాచ్. ఫోన్లో పాడి పంపారు. చాలావరకు నెల్లూరు ఆవిడ గీతే, ఒక్కచోట తేడా. వరస రిషభం మీద ఆగే చోట నెల్లూరు ఆవిడ కింద పంచమం పట్టారు, ఈవిడ నిషాదం పాడారు. మోహనలో మధ్యమం, నిషాదం లేవు. రి కింద పాశ్చాత్య పద్ధతిలో థర్డ్ (రి తో కలిపి లెక్కిస్తే మూడో స్వరం) కావాలంటే ని రావాలి, వస్తే రాగం చెడుతుంది. మొదట కట్టిన టీచర్ అది తెలిసి తప్పించుకున్నట్టున్నారు. స్పూలును ఆ చోట మళ్ళీ మళ్ళీ విన్నాను. కింది గొంతు పంచమమే.

మరి నిషాదం ఎక్కడిది? బెంగళూరు ఆవిడ జ్ఞాపకం కూడా సరైనదే. ఆవిడ చేరేనాటికి ఆ పార్టు తెలిసిన సీనియర్ ఎవరూ లేరు. రాత ప్రతి అప్పటికే కాలేజీ బయట ఉంది. కొత్తగా వచ్చిన టీచర్ పియానో దగ్గర కూర్చుని వరస కింద మామూలుగా వచ్చే థర్డ్‌లు వేసి నేర్పారు. గొలుసు తెగిన చోట నిషాదం వచ్చి చేరింది. రెండూ ఈ క్వయర్ పాడినవే కాబట్టి పుస్తకంలో రెండు పాఠాలూ వేయించాను, ఏ బ్యాచ్‌లు ఏది పాడాయో కింద రాశాను. మధ్య పార్టులో ఎనిమిది మాత్రల దాకా ఎవరికీ గుర్తు లేదు, స్పూలులోనూ వినపడదు. అక్కడ ఖాళీ గీతలే అచ్చు వేశాం. ఎవరైనా సంగీతజ్ఞుడితో పూరింపజేద్దామన్నారు గానీ నేను వద్దన్నాను.

చేతికిచ్చింది

సర్దిన కాగితాలు ఆమ్లం లేని ఫోల్డర్లలో, సిలికా జెల్ సంచులతో, కింది అర ఖాళీగా వదిలి. స్పూళ్ళు, క్యాసెట్ల డిజిటల్ కాపీలు మూడు చోట్ల. పేర్ల గొలుసుల పట్టిక. ఇంటర్వ్యూల ఆడియో, మాట్లాడినవాళ్ళు సంతకం చేసిన అనుమతి పత్రాలతో.

ఇప్పటి క్వయర్ వాట్సాప్‌లో నేర్చుకుంటోంది. స్టూడెంట్ లీడర్ ఒక్కో పార్టు పాడి వాయిస్ నోట్ పెడుతుంది, మిగతావాళ్ళు బస్సులో ఇయర్‌ఫోన్ పెట్టుకుని నేర్చుకుంటారు. నిజానికి ఇది పాత పద్ధతికి చాలా దగ్గర, మళ్ళీ అక్కే నేర్పుతోంది. చిక్కల్లా బ్యాచ్ వెళ్ళిపోగానే గ్రూపు డిలీట్ చేస్తున్నారు. కోర్సు ముగిసేటప్పుడు ఆ వాయిస్ నోట్లు పార్టుల వారీగా, పాడినవాళ్ళ పేరుతో కాలేజీ డ్రైవ్‌లో పెట్టాలని, ప్రతి జిరాక్స్ కాపీ మీదా పేరు, సంవత్సరం పెన్నుతో రాయాలని సూచించాను. మొదటిది ఒప్పుకున్నారు. రెండోదానికి లైబ్రేరియన్ అడ్డం చెప్పారు, కాలేజీ కాగితాల మీద పిల్లలు రాయకూడదట. ఆ మాట ఇంకా తేలలేదు.

సావనీర్‌లో డైరెక్టర్ల ఫోటోలు మొదటి పేజీల్లోనే పడ్డాయి. గొలుసుల పట్టిక వెనక, చిన్న అక్షరాల్లో. ఆవిష్కరణ రోజున మాత్రం జనం ముందు పేజీలు తిప్పేసి వెనక పట్టికలో తమ పేరు, దాని పైన ఉన్న పేరు వెతుక్కున్నారు. కీర్తనకు ఇప్పటి అమ్మాయిలు పంచమం పాఠం తీసుకున్నారు. మర్నాడు బెంగళూరు ఆవిడ ఫోన్ చేసి మా నిషాదం ఏమైందని అడిగారు. పుస్తకంలో ఉందని చెప్పి పేజీ నంబరు ఇచ్చాను.